స్పామ్ పెట్టెలో దర్జీగారు

ఆడపడుచు అర్ధమొగుడని పెళ్ళిలో నన్ను భయపెట్టని మనిషి లేదు. పద్నాలుగేళ్ళ కాపురంలో నాకు తేలిందేమిటంటే, అసలు మొగుడితో మాట్లాడిన మాటలు గంపెడైతే ఆ అర్ధమొగుడితో మాట్లాడినవి బండెడు. మా ఆయనది నీళ్ళ పైపుల పని. రోజంతా గోడకి చెవి ఆనించి ఎక్కడ కారుతోందో వింటాను, ఇంటికొచ్చాక ఇంకేం వినలేను అంటాడు. వదిన అలా కాదు. ఆవిడకి పుట్టుకతో చూపు లేదు. పెద్దాసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసింది. రోజుకి నాలుగైదు వందల గొంతులు విని కూడా ఇంటికొచ్చాక నా గొంతు వినేది. గుమ్మంలో నేను "వచ్చారా" అంటే చాలు, తలనొప్పిగా ఉందా అని అడిగేది. ఉండేది.

ఆ ఏడు తొలి వానలతో పాటు రెండు కబుర్లు వచ్చాయి. ఆసుపత్రిలో ఎక్స్ఛేంజి ఎత్తేశారు. ఇకమీద ఫోన్ చేసినవాళ్ళకి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని యంత్రమే చెబుతుందట. వదినకి ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉండగానే సెలవిచ్చేశారు. ఆవిడ వాడుతూ వచ్చిన కంప్యూటర్నే అట్టపెట్టెలో పెట్టి, మీద రిబ్బను కట్టి చేతికిచ్చారు. అందులో తెర మీది అక్షరాలని పైకి చదివి వినిపించే ఏర్పాటు ఉంది. వదిన ఆ పెట్టెని మంచం కిందికి తోసేసి మళ్ళీ ముట్టుకోలేదు. రెండో కబురు నాది. నేను పనిచేసే లైబ్రరీ కప్పు కారడం మొదలుపెట్టింది. పుస్తకాలన్నీ వేరే చోటికి చేర్చి, కప్పు బాగయ్యేదాకా మమ్మల్ని ఇంటి దగ్గర ఉండమన్నారు.

అలా ఇద్దరం ఇంట్లో పడ్డాం. వదిన పొద్దున్నే డ్యూటీ వేళకి తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, ముందుగదిలో ఫోన్ పక్కన కూర్చునేది. మోగితే రెండో మోత పడనిచ్చేది కాదు. ఒకరోజు ఎవరో పొరపాటున మా నంబరుకి చేశారు. అతనికి కావలసింది స్కూటర్ మెకానిక్. వదిన ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి, ఆ మెకానిక్ నంబరు సంపాదించి, అతనికి మళ్ళీ చేసి ఇచ్చి మరీ పెట్టింది. ఆ పూట నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నది. మిగతా రోజుల్లో కంచంలో వేలితో గీతలు గీసి లేచిపోయేది.

మా ఆయన ఒకనాడు పనికి వెళ్ళబోతూ రబ్బరు బూట్లు తొడుక్కుంటూ, అక్క చెప్పే ఆసుపత్రి కబుర్లు నువ్వు కంప్యూటర్లో రాసి నలుగురికీ కనపడేలా పెట్టొచ్చు కదా అన్నాడు. ఆ నెలలో ఆయన మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే. పెద్ద వాక్యమే కాదు, మంచి వాక్యం కూడా.

బ్లాగు తెరిచాను. పేరు వదినే పెట్టింది, "లైన్లో ఉండండి" అని. ఆవిడ చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. మొదటిది రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసి టైమెంతయిందని అడిగే ఒక ముసలాయన గురించి. ఆయన గడియారం ఆగిపోయిందని ఆసుపత్రికి చేసేవాడు. కొత్త గడియారం కొనుక్కోండి అని ఎవరో చెబితే, కొంటే మీరు పలకరు కదా అన్నాడట. చాలా బాగుందని నేను అనుకున్నాను. వదిన మాత్రం ఏమీ అనుకోకుండా, ఎవరో ఒకరు పలకాలని కాచుకుంది.

ఎవరూ పలకలేదు. సాయంత్రం టీ వేళకి "ఎవరన్నా పలికారా?" అని అడిగేది. అది ఎక్స్ఛేంజి భాష. లైను కలిపాక అవతల మనిషి పలికితేనే లైను ఉన్నట్టు. ఇంకా లేదు వదినా అనేదాన్ని. రెండో పోస్టుకీ అంతే. మూడోదాని తర్వాత అడగడం మానేసింది. నాలుగోది చెప్పడానికి రమ్మంటే నడుము నొప్పి అంది. ఆ గొంతులో నొప్పి ఉంది గానీ అది నడుముది కాదు.

ఆ సాయంత్రం నేను ల్యాప్‌టాప్ తెరిచి, కామెంట్ల కింద ఖాళీగా ఉన్న తెల్లటి చోటు వంక చూస్తూ, "వదినా, ఒకాయన రాశాడు" అన్నాను. అనుకుని అన్నది కాదు. అన్నాక మింగడానికి వీల్లేకపోయింది.

"ఎవరు?" అంది వదిన. ఆ ఒక్క మాటలో వెన్ను నిటారుగా అయింది.

దర్జీనట అన్నాను. మా నాన్న దర్జీ. కత్తిరింపు బల్ల కింద గుడ్డముక్కల్లో పెరిగినదాన్ని. ఆపదలో నోటికి వచ్చింది ఆయనే. ఏమని రాశాడని అడిగింది వదిన. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాకు అతికించడానికి చేతిలో ఉన్నవి మా నాన్న మాటలే.

"గుండీని అందరూ చూస్తారు, కాజాని ఎవరూ చూడరు. చొక్కా నిలబడేది కాజా మీద. ఫోన్లో కనపడకుండా కూర్చున్న మనిషి కూడా అలాంటిదేనమ్మా అని రాశాడు."

వదిన టీ గ్లాసు కింద పెట్టింది. మళ్ళీ చదవమంది. లేనిదాన్ని రెండోసారి చదివాను, ఒక్క అక్షరం తేడా రాకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని. మర్నాడు పొద్దున్నే నాలుగో పోస్టు చెప్పడానికి ఆవిడే వచ్చి నా పక్కన కూర్చుంది.

ఇక దర్జీగారు మా ఇంట్లో మనిషైపోయారు. ఆయనకి దూరం చూపు బాగానే ఉంది, దగ్గరిది ఆనదు. జిప్పులంటే పడదు. పెళ్ళిబట్టలు కుట్టేటప్పుడు ఎవరితోనూ మాట్లాడడు. ఇవన్నీ నాకు ఎలా తెలుసో మీకు చెప్పక్కర్లేదు. వదిన ఆయనకి జవాబులు చెప్పేది, ఆయన కత్తెర చప్పుడు ఎలా ఉంటుందో రాయమని అడిగేది. నేను కీబోర్డు మీద ఏవో అక్షరాలు టకటకా కొట్టి చెరిపేసి, రెండ్రోజులాగి, బల్ల మీద చెక్కసుద్ద గీత వెంట కత్తెర ఆగకుండా వెళితే సన్నటి వాన కురిసినట్టుంటుందని దర్జీగారి చేత చెప్పించేదాన్ని. చెబుతుంటే నాకే మా నాన్న కొట్టు వాసన తగిలేది. వదిన మళ్ళీ అన్నం సరిగ్గా తింటోంది. మా ఆయన బూట్లు విప్పుతూ ఇవాళ దర్జీ ఏమన్నాడని అడిగేవాడు. ఆయనకీ నేను నిజం చెప్పలేదు.

కానీ అబద్ధం ఒక్క చోట కూర్చునేది కాదు కదా. నాకు లోపల పీకుతూనే ఉంది. నిజం మనుషులు నలుగురు వచ్చి పలికితే దర్జీగారిని మెల్లగా తప్పించొచ్చు, కంటికి ఆపరేషనయింది, రాయలేకపోతున్నాడు అనొచ్చు అనుకున్నాను. అందుకే ప్లగిన్ల మీద పడ్డాను.

ప్లగిన్ అంటే మా నాన్న భాషలో మిషన్‌కి తగిలించే పాదం. కుట్టుమిషన్ ఒకటే. మామూలు కుట్టుకి ఒక పాదం, జిప్పుకి ఒకటి, మడతకి ఒకటి. ఏది కావాలంటే అది తగిలించుకోవడమే. బ్లాగుకి కూడా అంతే. నేను ఇంటర్నెట్లో వెతికి, జనాన్ని రప్పిస్తాయని ఎవరెవరో మెచ్చుకున్న ప్లగిన్లన్నీ తగిలించాను. పైన ఫొటోలు ఒకదాని వెనక ఒకటి జరుగుతూ ఉండే ప్లగిన్. పక్కన వరసగా ఎనిమిది పంచుకునే బటన్లు. ఎంతమంది వచ్చారో చెప్పే అంకెలు. వచ్చీరాగానే ముందుకు దూకి మీ ఈమెయిలు ఇవ్వండి అని అడిగే పెట్టె. అన్నిటికన్నా నాకు ముద్దొచ్చింది వాన ప్లగిన్. పేజీ తెరిస్తే పై నుంచి కిందికి నీలంగా చినుకులు రాలేవి. బయట వాన, తెర మీద వాన. కొత్తది పెట్టినప్పుడల్లా వదినకి వర్ణించి చెప్పేదాన్ని. బాగుంది అనేది ఆవిడ. లెక్క చూసుకుంటే ఇరవై ఏడయ్యాయి.

జనం రాకముందే ప్రకటనలు వచ్చాయి. బట్టతల మీద జుట్టు మొలిపించేవాళ్ళు, ఇంట్లో కూర్చుంటే కోటీశ్వరుల్ని చేసేవాళ్ళు, పేకాటకి పిలిచేవాళ్ళు, కామెంట్ల పెట్టెలో రోజుకి ముప్ఫై నలభై మంది దిగేవారు. వాటిని ఆపడానికి ఇంకో ప్లగిన్ ఉంది, స్పామ్ కాపలాది. దానికి నాలుగు మెట్లు. మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా అని అడిగింది. నేను అన్నిటికన్నా గట్టిదాని మీద పెట్టాను. పేజీ శుభ్రమైపోయింది. ఎంత శుభ్రమంటే ఈగ కూడా వాలలేదు.

ఒక మధ్యాహ్నం కూరగాయలు కొనుక్కుని తడుస్తూ వచ్చాను. వదిన గదిలోంచి ఎవరో మాట్లాడుతున్నారు. ఆడమనిషో మగమనిషో తెలియని ఇనుప గొంతు. తలుపు ఓరగా ఉంది. అట్టపెట్టె విప్పి ఉంది, కంప్యూటర్ బల్ల మీద ఉంది. వదిన వంగి వింటూ ఒక్కో మీటా నొక్కుతోంది. "బటన్. బటన్. బటన్. చిత్రం. చిత్రం. మీ ఈమెయిలు ఇవ్వండి. బటన్. చిత్రం. చిత్రం. చిత్రం." ఆ గొంతు అలా చెబుతూనే ఉంది. వదిన ఓపిగ్గా మీట నొక్కుతూనే ఉంది. సంచీ కింద పెట్టకుండా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చినుకులు. ఒక్కో చినుకునీ అది చిత్రమని చదువుతోంది.

నా చెప్పుల తడి చప్పుడు విని వదిన తల తిప్పింది.

"ఎనిమిది రోజులుగా చూస్తున్నానమ్మాయ్. నీ కష్టం చూసి చెప్పలేకపోయాను. నేను చెప్పిన కథ దగ్గరికి నేను వెళ్ళలేకపోతున్నాను."

నాకు ఒకేసారి రెండు సిగ్గులు కలిగాయి. ఒకటి, ఎవరి మాటలైతే పెట్టానో ఆ మనిషినే గడప బయట నిలబెట్టి ఇల్లంతా తోరణాలు కట్టుకున్నందుకు. రెండోది పైకి చెప్పుకోలేనిది. దారి చక్కచేస్తే వదిన నేరుగా కామెంట్ల దగ్గరికి వెళుతుంది, అక్కడ దర్జీగారు ఉండరు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుని, ఏదో అప్‌డేట్ ఉంది, అయ్యాక చూద్దాం అని రెండు రోజులు నెట్టుకొచ్చాను. మూడో రోజు వదిన తనే రెండు కుర్చీలు వేసి పిలిచింది.

నా ల్యాప్‌టాప్ ఒక పక్క, ఆవిడ కంప్యూటర్ ఒక పక్క. నేను ఒక్కో ప్లగిన్‌నీ ఆపడం, ఆవిడ పేజీని మొదటి నుంచి విని తీర్పు చెప్పడం. ముందుకు దూకే పెట్టె గురించి, దారికి అడ్డంగా పడుకున్న కుక్కలా ఉంది, లేపు అంది. ఫొటోలు జరిగేదాన్ని ఆపితే, అమ్మయ్య, వాక్యం మధ్యలో వెనక్కి లాగేది ఇదేనా అంది. అంకెల ప్లగిన్‌ని విని, దీన్నీ చిత్రమనే చదువుతోంది, అంకె చెప్పదు, ఇవాళ ఎంతమంది వచ్చారట అని అడిగింది. పందొమ్మిది అన్నాను. అందులో మనిద్దరం ఎన్ని అంది. దాన్ని నేనే తీసేశాను. వాన ప్లగిన్ దగ్గర నా చెయ్యి ఆగింది. ఆ ఆగడాన్ని కూడా వదిన విన్నది. నీకిష్టమైతే ఉంచుకో, పోనీ అంది. తీసేశాను.

చూపు లేనివాళ్ళ కోసమే ప్రత్యేకంగా చేశామని గొప్పలు చెప్పుకున్న ప్లగిన్ ఒకటి దొరికితే ఆశగా తగిలించాను. అది తన సొంత గొంతుతో చదవడం మొదలుపెట్టింది. వదిన కంప్యూటర్ దాని గొంతుతో అది చదువుతోంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు. వదిన చెవులు మూసుకుని, ఇంట్లో ఇద్దరు అత్తగార్లు ఉన్నట్టుంది, కొత్తావిడని పంపించేయ్ అంది. అంత నవ్వు ఆ ఇంట్లో విని చాలా కాలమైంది.

పొద్దుపోయేసరికి ఐదు మిగిలాయి. రాసినదంతా పోకుండా నకలు దాచేది ఒకటి. పేజీ త్వరగా తెరుచుకునేలా చేసేది ఒకటి. వచ్చీరాగానే నేరుగా కథ దగ్గరికి తీసుకెళ్ళే లింకు ఇచ్చేది ఒకటి. కామెంట్ రాసే చోట ఏ గడిలో ఏం రాయాలో సరిగ్గా చెప్పేది ఒకటి. స్పామ్ కాపలాది ఒకటి. తీసేసినవాటిలో ఒక్కటి కూడా మళ్ళీ ఎవరికీ గుర్తు రాలేదు.

వదిన మొదటి పోస్టు తెరిచింది. ఇనుప గొంతు ఆవిడ మాటల్ని చదువుతుంటే పెదాలు కదుపుతూ వింది. ముసలాయన జవాబు దగ్గర తన మాటకి తనే నవ్వుకుంది. తర్వాత కామెంట్ల దగ్గరికి వెళ్ళింది. వెనక్కి వచ్చింది. రెండో పోస్టు చూసింది. ఐదోది చూసింది.

"దర్జీగారివి ఒక్కటీ లేవేం?"

చెప్పడానికి అంతకన్నా మంచి సందు మళ్ళీ దొరకదని నాకు తెలుసు. నోరు తెరిచి, "స్పామ్ ప్లగిన్ మీ జవాబులతో సహా మింగేసినట్టుంది వదినా" అన్నాను. మింగినవి ఎక్కడికి పోతాయని అడిగింది. ఒక పెట్టెలో పడతాయన్నాను. అది మాత్రం నిజం. ఆ పెట్టె తన కంప్యూటర్లోనూ తెరిచి పెట్టమంది, పెట్టాను. అంత చెత్తలో ఎవరు వెతుకుతారులే, బతికిపోయాననుకున్నాను.

మర్నాటి నుంచి వదిన గదిలో ఇనుప గొంతు ఆగలేదు. బట్టతల. పేకాట. కోటీశ్వరులు. మళ్ళీ బట్టతల. మా ఆయన టిఫిను తింటూ, అక్క గదిలో ఎవరో మందులు అమ్ముతున్నారు, నాకేమన్నా కొంటోందా అని తల తడుముకున్నాడు. నేను నవ్వలేకపోయాను. స్పామ్ పెట్టెలో ఆరువందల నలభై చిల్లర ఉన్నాయి. ఒక్కోదాన్నీ మొదటి నుంచి చివరిదాకా వింటోంది ఆవిడ. ఎందుకంటే దర్జీగారు పొడుగ్గా రాస్తారు, అసలు మాట చివరికి చెబుతారు. అది ఆయన అలవాటని నేనే చెప్పి ఉన్నాను.

మూడో రోజు టీ తీసుకెళ్ళాను. గ్లాసు చేతికిస్తుంటే వదిన అలసటగా చెప్పింది.

"నాలుగువందల పన్నెండయ్యాయి. ఎక్కడో ఉంటాడు. తన మాటలన్నీ చెత్తలో పడేశామని ఏమనుకుంటున్నాడో పాపం."

నేను గోడని ఆనుకుని నిలబడ్డాను. "వెతక్కండి వదినా. ఆయన లేడు."

ఆవిడ ఒక మీట నొక్కింది. ఇనుప గొంతు వాక్యం మధ్యలో ఆగిపోయింది.

"లేడంటే? పోయాడా?"

"అసలు లేడు. అది నేనే."

వదిన మొహంలో నాకేమీ కనపడలేదు. ముప్ఫై ఏళ్ళుగా మొహంతో పని లేని మనిషి, కోపమొచ్చినా బాధ కలిగినా అది గొంతులోకే వస్తుంది. ఆ గొంతు రావడం లేదు. చివరికి ఎన్ని అని అడిగింది. పదకొండు అన్నాను. కాజా మాట కూడానా అంది. అది మా నాన్న మాట, నిజంగా అన్నదే అన్నాను.

"నీ గొంతులో తేడా వినపడలేదే నాకు" అంది మెల్లగా. నన్ను అన్నది కాదు, తన చెవుల్ని అన్నది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళమంది.

ఆ తర్వాత మూడు రోజులు వదిన నాతో ఎక్స్ఛేంజి గొంతుతో మాట్లాడింది. చెప్పండి. దయచేసి ఆ గ్లాసు ఇస్తారా. ధన్యవాదాలు. ముప్ఫై ఒక్క ఏళ్ళు తిట్టినవాళ్ళతో, తాగి చేసినవాళ్ళతో మాట్లాడిన మర్యాద అది. అందులో ఒక్క ముల్లు ఉండదు. పట్టుకోవడానికి ఒక్క కొస కూడా దొరకదు. మా ఆయనకి అంతా చెప్పాను. కాసేపు విని, గోడలో తడి కనిపిస్తే మొత్తం పగలగొట్టకూడదు, కారే చోటు అదే బయటపడేదాకా ఆగాలి అన్నాడు. ఆగడం నాకు రాదు. వంటింట్లో తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చున్నాను. విచిత్రమేమిటంటే, మూసిన తలుపు వెనక ఇనుప గొంతు ఆగలేదు. దర్జీ లేడని తెలిశాక కూడా వదిన ఆ చెత్తంతా ఎందుకు వింటోందో నాకు అర్థం కాలేదు.

నాలుగో రోజు పొద్దున్న పిలుపు వచ్చింది. "అమ్మాయ్, ఇలా రా."

అమ్మాయ్ అంది. నేను చేతులు తుడుచుకోకుండానే వెళ్ళాను.

కూర్చోమంది. లైన్లు కలిపే బోర్డు ముందు కూర్చుంటే మధ్యలో వదిలి లేచే అలవాటు తనకి లేదని, ఆరువందల నలభై ఎనిమిదీ విన్నానని చెప్పింది. "నువ్వు పెట్టిన కాపలావాడు ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టాడు. అందులో తొమ్మిది మంది నిజం మనుషులున్నారు."

మొదటి పోస్టుకే ఇద్దరు రాశారట, పెట్టిన వారంలోనే. కాపలావాణ్ణి నేను గట్టి మెట్టు మీద పెట్టిన రోజే వాడు వాళ్ళని ఏరి లోపలేసి ఉంటాడు, అంతకుముందు వాళ్ళు నా అనుమతి కోసం ఒక మూల కాచుకుని ఉన్నారు. కొత్తవాళ్ళు రాస్తే యజమాని ఒప్పుకోవాలని, ప్రకటనలవాళ్ళలా దొడ్డిదారిన దూరనివాళ్ళు ఆ మూలే ఆగిపోతారని నాకు తెలియదు. నేను ఖాళీ చోటు వంక చూస్తూ దర్జీని పుట్టించిన సాయంత్రానికే మాకు పలికినవాళ్ళు ఉన్నారు.

తొమ్మిదిలో ఒకదాన్ని వదిన పక్కన పెట్టింది. "మిషన్ అన్నీ ఒకే గొంతుతో చదువుతుంది. ఈయన కోపంగా రాశాడో, వేళాకోళంగా రాశాడో తెలియట్లేదు. నువ్వు చదువు. ఉన్నది ఉన్నట్టు చదువు."

అది వదిన చెప్పిన ఏడో పోస్టు మీద వచ్చింది. ఆసుపత్రిలో కరెంటు పోయి లిఫ్టు ఆగిపోయిన రోజు గురించి. లోపల స్ట్రెచర్ మీద నెలలు నిండిన మనిషి. లిఫ్టులోని ఫోన్ ఒక్కటే పనిచేసింది, అది ఎక్స్ఛేంజిలో మోగింది. లిఫ్టు మూడో అంతస్తులో ఆగిందని వదిన మనుషుల్ని అక్కడికి పంపింది. తలుపు విడగొట్టి తీసేసరికి నలభై నిమిషాలు పట్టింది. తల్లీ బిడ్డా బతికారు. ఇదీ ఆ పోస్టు.

నేను చదివాను. "అమ్మా, మీరు రాసింది బాగానే ఉంది కానీ తప్పు. ఆ లిఫ్టు ఇరవై ఆరేళ్ళు నడిపినవాణ్ణి నేను. ఆ రోజు అది ఆగింది నాలుగో అంతస్తులో. మూడోదాంట్లో కాదు. నలభై నిమిషాలు ఆ తల్లి చెయ్యి పట్టుకుని లోపల నిలబడింది నేను. మీరు కాదు. తెలిసినవాళ్ళని అడిగి రాయాల్సింది."

తర్వాతి వాక్యం దగ్గర నా గొంతు ఆగింది. ఒక్క క్షణం. అది ఆఖరి వాక్యం, చదవకుండా అక్కడితో ఆపేయొచ్చు అనిపించింది. వదిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈ వాక్యం ఇక్కడ ఉందని ఆవిడకి ముందే తెలుసని నాకు అప్పుడు తట్టింది.

"అయినా మీకు చూపు లేదు కదా" అని చదివాను, "లిఫ్టు ఎక్కడ ఆగిందో మీకేం తెలుస్తుంది."

"ఎలా రాశాడంటావు?"

"కోపంగానే వదినా. కానీ... ఎవరూ తనని అడగలేదని కోపం."

"నాకూ అలాగే అనిపించింది. రాసుకో." ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. మొహంలో నేను మూడు నెలలుగా చూడని వెలుగు. దర్జీగారు పదకొండుసార్లు రాసినా రానిది.

"అయ్యా, నాకు కనపడలేదన్నది నిజమే. మీ లిఫ్టు నడిచే గోడకి ఇవతలే నా కుర్చీ. అంతస్తు అంతస్తుకీ గంట మోగేది. ఆ రోజు మూడు మోగాయి. నాలుగో గంట కోసం నలభై నిమిషాలు ఆ గోడకి చెవి ఆనించుకుని కూర్చున్నాను. మీరు లోపల ఒకరి చెయ్యి పట్టుకుని ఉన్నారు. గంటలు లెక్కపెట్టే తీరిక మీకు ఎక్కడిది."

తిరిగి చదవమంది. చదివాను. మొదటి మాట కొంచెం మెత్తగా మారుద్దామా అనిపించింది, మార్చలేదు. పెట్టేశాను. ఇకనుంచి కాపలావాణ్ణి కింది మెట్టు మీద కూర్చోబెట్టమని, రోజూ వాడి పెట్టె తనే చూసుకుంటానని చెప్పింది. మిగతా ఎనిమిది మందికీ తనే టైపు చేసి జవాబులిచ్చింది, ఒక్కోదానికి అరపూట పట్టినా.

వానలు వెనకబట్టాయి. లైబ్రరీ కప్పు బాగయిందని, సోమవారం నుంచి రమ్మని కబురొచ్చింది. ఆ పొద్దున నేను తయారై చెప్పులు వేసుకుంటుంటే వదిన గది తలుపు బార్లా తీసి ఉంది. ఇనుప గొంతు కొత్త కామెంట్ ఒకటి ఉందని చెప్పింది. లిఫ్టాయన పేరు చదివింది. తర్వాత ఒకే ఒక్క మాట.

"మూడే."

వదిన మీట నొక్కింది. గొంతు మళ్ళీ చదివింది. మూడే. ఆవిడ మళ్ళీ నొక్కింది. నేను వీధి మలుపు తిరిగేదాకా నాకు వినపడుతూనే ఉంది.